ఐదువందల యాభై

గ్రిమ్స్‌బీ రేవులో రాత్రి రెండింటికి
చేపల వేలం హాలు వెనక
చీపుర్లు పెట్టుకునే గదిలో మా మెయిల్ సర్వర్.
పక్కన మాపు బకెట్టు, పైన కారే పైపు,
పైపు కింద నేను వేలాడదీసిన పెరుగు డబ్బా.
ఫ్యాను హాడాక్ వాసనే పీల్చి
హాడాక్ వాసనే వదుల్తుంది.

తలుపు కొట్టేవాళ్ళు కొడుతూనే ఉంటారు.
అడ్మిన్‌నని ఒకడు, టెస్ట్‌నని ఒకడు,
నిన్న రాత్రి ఒక్కడే పదకొండు వేల సార్లు
రూట్‌నని.
పిలవని పెళ్ళికి భోజనానికొచ్చినట్టు
ప్రతివాడూ ఎవరో ఒకరి తాలూకానే.
మూడు తప్పులకి గంటసేపు గెంటెయ్యమని రాశాను.
గంట కాగానే ఠంచనుగా వస్తారు.
ఆ క్రమశిక్షణ మా అకౌంట్స్ సెక్షన్‌కి ఉంటేనా!

అకౌంట్స్‌లో పౌలా కీబోర్డు తిరగేస్తే
పసుప్పచ్చ చీటీ. పిల్లి పేరు, పక్కన ఒకటి.
మార్చమంటే మార్చింది: అదే పిల్లి, పక్కన రెండు.
ఆ పిల్లి మూలంగానే కిందటి మార్చిలో
మా పేరుతో నలభై వేల మందికి
మందుబిళ్ళల బేరాలు వెళ్ళాయి.
లోకంలోని సర్వర్లన్నీ కూడబలుక్కుని మమ్మల్ని వెలివేశాయి.
ఐస్ లారీ ఎప్పుడొస్తుందని రాసిన ఉత్తరం కూడా
తొమ్మిది రోజులు ఎవరూ ముట్టుకోలేదు.
వెలి తియ్యమని ఫారాలు నింపుతుంటే తెలిసింది,
మంచివాళ్ళమని రుజువు చేసుకునే గడి ఎక్కడా ఉండదు,
ఇకమీదట చెయ్యం అనే గడి ఉంటుంది.

ఇవాళ్టి పని: నలభై మూడు డెస్క్‌టాప్‌లకి అతుకులు.
కాటా దగ్గరి పాత విండోస్‌కి అతికే అతుకు ఎవరి దగ్గరా లేదు,
ఆటలమ్మ పోసిన పిల్లలా
నెట్ తగలకుండా విడిగా కూర్చోబెట్టాను.
జాబితాలో చివరి గీత:
వెళ్ళిపోయినవారి ఖాతాలు మూసేయాలి.

డెరెక్ ఎల్లర్బీ.
ముప్ఫయ్యొక్కేళ్ళు వేలంపాట నడిపాడు.
నవంబరులో పోయాడు.
ఖాతా ఇంకా తెరిచే ఉంది, తప్పు నాదే.
లాగ్ చూశాను.
ప్రతి శుక్రవారం తెల్లవారుజామున నాలుగూ పదికి
ఫారో దీవుల నుంచి జోగ్వాన్ అనే ఆయన,
రెండు కిలోబైట్లు.
డెరెక్ పోయాక పద్నాలుగు శుక్రవారాలు.

మా పెద్దమావయ్య రైల్వే మెయిల్‌లో సార్టరు.
ఊగే బోగీలో కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి
బిట్రగుంట వచ్చేలోపు మూడు సంచులు విడగొట్టేవాడు.
"చిరునామా వరకే మన చదువు" అనేవాడు.
"అంటించని కవరు చేతికొస్తే
ముందు జిగురు వెతుక్కో."
నా దగ్గర తాళాలన్నీ ఉన్నాయి.
తెరవలేదు.

ఖాతా మూసేస్తే సర్వర్ చెప్పే మాట ఒకటే:
ఐదువందల యాభై. అలాంటి మనిషి ఇక్కడ ఎవరూ లేరు.
లేడు, నిజమే.
కానీ ఎప్పుడూ లేనట్టు ఎలా అనడం,
హాల్లో కొక్కేనికి అతని టోపీ ఇంకా ఉండగా?
ఆ వాక్యం ఏ ఫైల్లో దాక్కుందో పట్టుకుని
చెరిపి, రాసి, మళ్ళీ చెరిపి,
ఐదువందల యాభై.
డెరెక్ నవంబరులో చనిపోయారు.
ఆలస్యంగా చెబుతున్నందుకు క్షమించండి.
సర్వర్ ఏమీ అనలేదు.
దానికి అంకె సరిగ్గా ఉంటే చాలు.

శుక్రవారం. నాలుగూ పది.
వచ్చింది. తిరిగి వెళ్ళింది.
నాలుగూ ఇరవయ్యారుకి ఇంకొకటి,
ఈసారి పోస్ట్‌మాస్టర్ పేరిట.
ఆ పేరు నాది.
ఇది చదవొచ్చు.

పలకరింపు లేదు, సంతకం లేదు.
హాడాక్, పెద్దది కిలో ఇంత, చిన్నది ఇంత.
గాలి వాయవ్యం నుంచి.
మంగళవారం దాకా పడవలు రావు.

పైపు కింద డబ్బా నిండింది, పారబోసి వచ్చాను.
ఏడింటికి పౌలా ఫోను,
పాస్‌వర్డ్ మర్చిపోయిందట.
మూడేమో చూడమన్నాను.